బుచ్చవ్వ ఎవరి పోలిక

పెద్దపల్లి,
1962, దసరా వెళ్లిన వారం.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పొద్దంతా నడుం వంచి పనిచేస్తూ కూడా పొడుగువాణ్నని మురిసే మా సారయ్య బావకు,

ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద. రాశాను. నిజానికి నాకు పడిశం, మీ చెల్లె లస్మవ్వకు నా మీద కోపం. ఆ కోపం పెండ్లి పందిట్లో మొదలైందే కాబట్టి నువ్వు ఫికర్ చేయకు.

నీ కార్డు ముట్టింది. మొదట నవ్వాను, తర్వాత ఒళ్లు మండింది. బుచ్చవ్వకు ఆరేండ్లు నిండినా నాలుగేండ్ల పిల్లలాగే ఉన్నదనీ, అది మేనమామ పోలిక అని మీ అవ్వ అంటున్నదనీ రాశావు. దుర్గవ్వత్త ఆ మాట అనకపోతేనే నాకు పరేషాన్ అయ్యేది. మీ ఇంట్లో పాలు విరిగినా, పిల్లి ఈనినా కారణం మా ఇంటిపేరే కదా.

నేను పొట్టివాణ్నే. దాచుకుంటే దాగేది కాదు. సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టుకొని, నా సైకిల్ నేను ఎక్కాలంటే బండరాయి వెతుక్కునేవాణ్ని. కానీ మా అక్క రాజక్క ఏం పాపం చేసింది? పెండ్లిలో నువ్వు వంగకుండానే నీ నెత్తిమీద తలంబ్రాలు పోసిన మనిషి అది. మీ వైపు సంగతి కూడా చెప్పనా? మీ తాత పొడుగు. మీ బాపు పొడుగు. నువ్వు పొడుగు. ముగ్గురికీ గడపలు తగిలీ తగిలీ నెత్తిలో ఉండాల్సింది కొంత రాలిపోయింది. అది బుచ్చికి రాకుండా ఉంటే చాలునని నేను దండం పెట్టుకుంటున్నాను.

దుర్గవ్వత్తకు చెప్పు. నా ఫోటో మీ గోడకున్నది కదా, దాన్ని తీసి సందుగలో పెట్టమను. రోజూ చూస్తే పిల్ల ఇంకా కుంగిపోతుందేమో.

ఇంకోమాట. నువ్వు రైలు గార్డు చేతికిచ్చి పంపిన వలగుండ్ల సంచి ముట్టింది. మన చెరువు మీది బెస్తోళ్లంతా పంచుకున్నారు. విసురువల అంచుకు ఆ సీసం గుండ్లు కడితే, వల నీళ్లలోకి గొడుగులాగ విచ్చుకొని దిగుతున్నది. పోశం చేతిలో పట్టుకొని తిప్పి తిప్పి చూసి, "గీ గుండ్లు ఏడ దొరుకుతున్నయే? గింత నున్నగ ఎవడు పోస్తున్నడు?" అని అడిగాడు. బెల్లంపల్లి బజారులో అన్నాను. నువ్వు నాకు చెప్పింది అదే కదా.

నీ బామ్మర్ది,
హనుమండ్లు

*

బెల్లంపల్లి, బొగ్గుబాయి క్వార్టర్లు,
1962, కార్తీకం.

బామ్మర్ది హనుమండ్లుకు సారయ్య రాయునది.

నీ ఉత్తరం ఇంట్లో పైకి చదవలేదు. చదివే తీరులో లేదు.

ఇది నవ్వే సంగతి కాదు. పోయిన దసరాకు బుచ్చికి గౌను కుట్టించాము. ఈ దసరాకు అదే గౌను తొడిగితే అట్లాగే సరిపోయింది. అవ్వ సంబరపడ్డది. "బట్ట కలిసొచ్చింది కొడుకా, కొత్తది కుట్టిచ్చే పనిలేదు" అన్నది. మీ అక్క మాత్రం ఆ గౌను అంచు పట్టుకొని చాలాసేపు చూసి, పొయ్యి ముందు కూర్చొని ఏడ్చింది. అప్పటిదాకా నాకు కూడా తట్టలేదు. పెండ్లయిన పన్నెండేండ్లకు పుట్టిన బిడ్డ. దాన్ని రోజూ చూసే కండ్లకు అది పెరగడం లేదని కనిపించలేదు.

అన్నం ముట్టదు. కడుపు పట్టుకొని ముడుచుకుంటుంది. రెండు మూడు రోజులకోసారి గాని దొడ్డికి పోదు. ముఖం పాలిపోయింది. ఇదివరకు వాకిట్లో ఉరికేది, ఇప్పుడు నాలుగడుగులు వేసి కూర్చుంటుంది. ఏదన్నా అంటే ఊరికే ఏడుస్తుంది. కాంపౌండరు నులిపురుగుల మందిచ్చాడు. పురుగులు పోయాయో లేదో, ఉన్న ఆకలి పోయింది.

ఇదంతా బొగ్గు పొగ అని కొందరంటారు. ఇక్కడ ప్రతి ఇంటి ముందు బొగ్గు కుంపటి మండుతుంది. పొద్దున లేస్తే ఎదురిల్లు కనబడదు. కానీ పొగే కారణమైతే ఈ వరుసలో పిల్లలంతా కుంగాలి కదా. పక్కింటి కొండల్ కొడుకు బుచ్చికన్నా చిన్నవాడు, నీళ్ల పంపు మీదెక్కి దూకుతున్నాడు. పొగ వాడికి లేదా?

గుండ్లు బజారులోవే. ఇంకా కావాలంటే పంపుతాను.

సారయ్య

*

పెద్దపల్లి,
1962, కార్తీకం చివర.

బావకు,

ఈసారి ఎగతాళి తగ్గించి రాస్తున్నాను. పూర్తిగా మానితే నాకు జ్వరం వస్తుంది.

గౌను సంగతి చదివాక లస్మవ్వ నాతో మాట్లాడింది. ఇన్ని రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట, "వదినెను, పొల్లను తీస్కరాపో, లేకుంటె ఈ ఇంట్ల నీకు కూడు లేదు" అని. కాబట్టి ఇద్దరినీ కొన్నాళ్లు ఇక్కడికి పంపు. మీ అవ్వ ఒప్పుకోదని తెలుసు. అందుకే కింద ఒక ముక్క రాస్తున్నాను. అదొక్కటే ఆమెకు చదివి వినిపించు. పై ముక్క చదివావంటే నీ బతుకు నీది.

(అత్తకు చదివేది ఇక్కడి నుంచి.)

దుర్గవ్వత్తకు హనుమండ్లు దండాలు. అత్తా, నువ్వన్నది నిజమే. నిన్న కొండగట్టు పోయి అంజన్నను మొక్కి మెట్లు దిగుతుంటే జడలు కట్టిన ఒక సాధువు నన్ను చూసి ఆగాడు. "నీ పొట్టితనం ఒక పసిపిల్ల నెత్తినెక్కింది" అన్నాడు. విరుగుడేమిటి స్వామీ అన్నాను. "పోలిక ఎవడిదో వాని ఇంట్లనే దింపాలె. పిల్ల పోయి మేనమామ గడపల రెండు నెలలు నిద్ర జెయ్యాలె. అప్పుడు వాని పొట్టితనం వానికే తిరిగొస్తది" అన్నాడు. అత్తా, నేను ఇంకా పొట్టివాణ్నయినా ఫరవాలేదు. పిల్లను పంపు.

(ఇక్కడిదాకా.)

బావా, సాధువు లేడు, మెట్లు లేవు. నేను నిన్న చెరువు గట్టు దాటలేదు. అంజన్న నన్ను క్షమిస్తాడు, ఆయన కూడా చిన్నప్పుడు అల్లరివాడేనట.

హనుమండ్లు

*

పెద్దపల్లి,
1963, మాఘం.

బావకు,

మా అక్కనూ బుచ్చినీ నిన్నటి ప్యాసింజర్ ఎక్కించాను. ఈపాటికి ముట్టి ఉంటారు. వాళ్లు నోరు తెరిచి చెప్పకముందే నేను గొప్పలు చెప్పుకోవాలని రాస్తున్నాను.

వచ్చిన కొత్తలో పిల్ల గోడకు ఆనుకొని కూర్చునేది. ఒక పక్షం గడిచాక కడుపునొప్పి మాట వినలేదు. ఆ తర్వాత చేపల పులుసుకు రెండోసారి గిన్నె చాపింది. వెళ్లేనాటికి దుకాణంలోని చిన్న సైకిల్ సందులో కాలు పెట్టి తొక్కుతూ, గిరాకీ మీదికే పోయింది. పోశం పిక్క మీద మచ్చ ఉన్నది, అడుగు, చూపిస్తాడు. బుగ్గకు రంగొచ్చింది. అబద్ధాలాడడం కూడా నేర్చింది. అదైతే కచ్చితంగా నా పోలికే.

ఇప్పుడు చెప్పు. మా ఇంట్లో తేరుకున్న పిల్ల మీ ఇంట్లో ఎందుకు కుంగింది? నాకొకటే తోస్తున్నది. దుర్గవ్వత్త కాచే చారు. నేను ఒకసారి తాగాను. ఆ తర్వాత రాజక్క పెండ్లి చేసి తప్పు చేశామని మా బాపుతో అన్నాను కూడా. ఆ చారు ఆపు, పిల్ల తాడిచెట్టంత అవుతుంది.

హనుమండ్లు

*

బెల్లంపల్లి,
1963, ఫాల్గుణం.

హనుమండ్లుకు,

చారు ఆపించాను. అవ్వ మూడు రోజులు అన్నం మానింది.

బుచ్చికి మళ్లీ మొదలైంది. వచ్చిన నెలలోపే. ఈసారి ముందుకన్నా ఎక్కువ. వాంతులు. కడుపు నొక్కుకుంటూ నేల మీద పొర్లుతున్నది. మొన్న చేతిలో గ్లాసు పట్టుకోలేక జారవిడిచింది. నీ ఇంట్లో ఏమున్నది, నా ఇంట్లో ఏం లేదు? తిండికి తక్కువ చేయలేదు. బాయి నుంచి వస్తూ రోజూ దానికి అరటిపండు తెస్తాను. బాయిలో తట్ట ఎత్తేటప్పుడు కూడా ఇదే ఆలోచన.

"మేనమామ దిష్టి తగిలింది" అని అవ్వ అంటున్నది. ఈసారి నేను ఆమెను నోరు మూయమన్నాను.

కరీంనగర్ పెద్దాసుపత్రిలో చూపించాలి. నాకు సెలవు దొరకదు. మీ అక్కకు చలిజ్వరం, లేవలేకుండా ఉన్నది. ఆదివారం ప్యాసింజర్‌లో బుచ్చిని తెచ్చి పెద్దపల్లి స్టేషన్‌లో నీ చేతికిచ్చి, ఎదురొచ్చే బండిలో నేను తిరిగివస్తాను. దాన్ని నువ్వే తీసుకొనిపో.

సారయ్య

*

కరీంనగర్, పెద్దాసుపత్రి ముందరి చెట్టుకింద నుంచి,
1963, ఫాల్గుణం.

బావకు,

డాక్టరు దగ్గర ఒకవైపు బుచ్చి, ఒకవైపు లస్మవ్వ, నడుమ నేను. కళ్లద్దాల పెద్దాయన. ముందు నన్ను చూసి, "పేషంట్ ఎవరు, నువ్వా?" అన్నాడు. మంచివాడే అనుకున్నాను.

పిల్ల పెదవి పైకెత్తి చిగుళ్లు చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చూశాడు. మోకాలికి ఎక్స్‌రే తీయించాడు. ఆ నల్లరేకును వెలుతురుకు పట్టి నాకు కూడా చూపించాడు. ఎముక పెరిగే చోట అడ్డంగా తెల్లటి పట్టీ ఉన్నది, సున్నంతో గీసినట్టు. ఆ తర్వాత మా ఇద్దరికీ జరిగిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

"ఈ పిల్ల ఇంట్ల ఎవరన్న సీసం పనిజేస్తరా?"

"లేదు సార్. వాళ్ల నాయిన బొగ్గు తవ్వుతడు."

"బొగ్గు గురించి అడుగుతలేను. సీసం. రంగులు కలుపుడు, బ్యాటరీలు విప్పుడు, సీసం కరగబోసుడు. ఏదన్నొకటి."

"మా బావకు బొగ్గు తప్ప ఏం తెల్వది సార్."

"జర సోంచాయించు. సీసం పొగ, సీసం దుమ్ము పిల్లల ఒంట్లకు బోతే ఎముకల పేరుకుంటది. రక్తం కానియ్యది. పెరుగుడు ఆగుతది. పెద్దోళ్లు తట్టుకుంటరు, పిల్లలు తట్టుకోరు. తెలివి మీద గూడ దెబ్బగొడ్తది. మందు నేనిస్త. కానీ అది ఎక్కన్నుంచొస్తున్నదో అక్కడికే మల్ల పంపితే నా మందు దండుగ."

నేను బుచ్చిని పక్కకు తీసుకుపోయి, ఇంట్లో ఏం ఆటలాడతావు బిడ్డా అని అడిగాను. అది నా చెవిలో, "బాపు ఎవ్వల్కి చెప్పద్దన్నడు" అన్నది. ఏం చెప్పొద్దన్నాడే అంటే పెదవులు బిగించుకున్నది. జిలేబి ఆశ పెట్టినా నోరు విప్పలేదు. జిలేబి తిన్నది, సంగతి చెప్పలేదు.

బావా, నిన్ను నిలబెట్టి అడుగుతున్నాను. మీ ఇంట్లో సీసం ఉన్నదా?

హనుమండ్లు

*

బెల్లంపల్లి,
1963, ఫాల్గుణ బహుళం.

హనుమండ్లుకు,

మా ఇంట్లో సీసం ఏమీ లేదు. డాక్టర్లు అందరినీ ఒకే ప్రశ్న అడుగుతారు. పిల్ల మాటలు పట్టుకొని పోలీసువాడిలా రాయకు. మందు అయిపోగానే బుచ్చిని పంపు. మీ అక్కకు జ్వరం తగ్గింది, బిడ్డ కోసం కలవరిస్తున్నది.

సారయ్య

*

పెద్దపల్లి,
1963, ఉగాది ముందు.

బావకు,

సరే, సీసం మాట వదిలేద్దాం. బుచ్చి బాగున్నది, మందు తాగి మా అందరి మీద ఉమ్ముతున్నది. ఇంకొన్నాళ్లు ఉండనీ.

ఇప్పుడు రాసేది వేరే తగాదా. నువ్వు చివర పంపిన గుండ్ల వల్ల నా పరువు చెరువులో కలిసింది. కట్టిన ప్రతి వలా ఒక పక్కకు వాలిపోతున్నది. ఒక గుండు బరువు, ఒక గుండు తేలిక. కొన్నిటికి మధ్యలో బుడగలు. కొన్నిటి బెజ్జం వంకర, తాడు కోసుకుపోతున్నది. నిన్న చెరువు కట్ట మీద పెద్దోళ్లంతా కూర్చొని నన్ను మధ్యలో నిలబెట్టారు.

"గిది బెస్తోని చెయ్యి గాదు" అన్నాడు ముత్తయ్య తాత.

"నీళ్ల మొఖం సూడనోడు ఎవడో పోసిండు" అన్నాడు పోశం. "గిసొంటి గుండ్లు మా చిన్న పోరగాడు గూడ పొయ్యడు."

బజారులో ఆ చేతగానివాడెవడో గానీ, వాణ్ని మార్చు. మీ బాపు చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున పోసిన గుండ్లు చూసిన కండ్లతో ఈ రాళ్లను చూడలేకపోతున్నాను. ఆ మహానుభావుడు ఉంటే వీటిని పోసినవాడి చేతుల మీద వాతలు పెట్టేవాడు.

హనుమండ్లు

*

బెల్లంపల్లి,
1963, ఉగాది మరునాడు.

హనుమండ్లు,

ఆ బజారువాణ్ని నేనే.

పోశం మాట అన్నాడా? వాడికి వల విసరడం నేర్పింది ఎవరో అడుగు. ముత్తయ్య తాతకు చూపు పోయింది, ఆ సంగతి ఊరంతా తెలుసు. ఒక్కో గుండు చేతిలో తూచి పంపాను. బుడగ ఉన్నదాన్ని మళ్లీ కరిగించాను. మా బాపు చేతి అచ్చులతోనే పోశాను. తప్పు గుండ్లది కాదు, కట్టినవాడిది.

దాచాల్సిన పని ఎందుకొచ్చిందో కూడా చెబుతాను. క్వార్టర్లలో కొలిమి పెడితే ఖాళీ చేయిస్తారు. అందుకే వారం వారం అవ్వా, మీ అక్కా అంగడికి పోయినప్పుడు తలుపూ కిటికీ మూసి, వంటింట్లో కుంపటి మీద మూకుడు పెట్టి కరిగిస్తాను. లారీల మెకానిక్ దగ్గర పాత బ్యాటరీలు తెచ్చుకుంటాను. లోపలి సీసం పలకలు పగలగొట్టి, దుమ్ము దులిపి మూకుట్లో వేస్తాను. పొగ బయటికి పోకుండా కిటికీకి గోనెసంచి కడతాను. రెండేండ్లుగా ఒక్కరికి కూడా అనుమానం రాలేదు.

నువ్వు చెరువు పక్కన ఉంటావు. నీకు తెలియదు. బాయిలో నీళ్లుంటాయి, మోకాలిలోతు, నల్లగా, చేప లేని నీళ్లు. నేను వల పట్టి ఏండ్లయింది. సీసం కరిగి మూకుట్లో అద్దంలాగ కదులుతుంటే నాకు గోదావరి కనబడుతుంది. నేను పోసిన గుండు ఎక్కడో నీళ్లలో మునుగుతుందని అనుకుంటే నిద్ర పడుతుంది. అది కూడా వద్దంటే నేను ఉత్త బొగ్గు మనిషిని.

అవి నున్నగా ఉన్నాయని పోశమే అన్నాడు కదా. ఆ నునుపు బుచ్చిది. మా బాపు పోసేటప్పుడు గంగమ్మ అలుగుతుందని ఆడపిల్లలనూ చిన్నపిల్లలనూ ఒడ్డు మీదికే రానిచ్చేవాడు కాదు. నేను యూనియన్ మీటింగులకు పోయినవాణ్ని, అటువంటి చాదస్తం నాకు లేదు. బిడ్డను పక్కనే కూర్చోబెట్టుకుంటాను. చల్లారిన గుండ్లను అది బండ మీద రుద్ది, దుమ్ము ఉఫ్ఫని ఊది, ఉమ్మితో తడిపి గౌనుకు తుడిచి వరుసగా పేరుస్తుంది. వంకరదాన్ని నాకన్నా ముందే పట్టుకుంటుంది. ఆ పని ఉన్నంతసేపు అది ఏడవదు. "బాపు, గిది మంచిగొచ్చింది" అంటుంది. చెరువు కట్ట మీది ముసలోళ్లకు ఈ మాట కూడా చెప్పు.

సారయ్య

*

పెద్దపల్లి,
1963, చైత్రం.

బావా,

గుండ్లలో ఒక్క తప్పు లేదు. ముత్తయ్య తాత ఏమీ అనలేదు, పోశం ఏమీ అనలేదు. వాళ్లు ఆ గుండ్లు కట్టిన వలలను ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించుకుంటున్నారు. నిన్ను తిడితే నువ్వు అబద్ధం చెప్పగలవు. నీ చేతిపనిని తిడితే చెప్పలేవు. అందుకని ఆ ఉత్తరం కల్పించి రాశాను. నేను ఇంతకన్నా మంచి ఎత్తు ఎప్పుడూ వేయలేదు. గెలిచాక నవ్వు రాకపోవడం ఇదే మొదలు.

నీ ఉత్తరం తీసుకొని మళ్లీ కరీంనగర్ పోయాను. చివరి ముక్క నేనే డాక్టరుకు చదివి వినిపించాను. ఊదడం, ఉమ్మితో తడపడం దగ్గరికి వచ్చాక ఆయన చాలు అన్నాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పెరగాల్సినంత పెరుగుతుందా సార్ అని అడిగాను. "ఇప్పుడు ఆపితే పెరుగుతది. పోయినదంత తిరిగొస్తదని మాత్రం చెప్పలేను" అన్నాడు. చదువు వస్తుందా అన్నాను. "చూద్దాం" అన్నాడు. డాక్టర్ల చూద్దాం నాకు నచ్చదు.

మీ బాపు బతుకంతా సీసం పోశాడు కదా అని నువ్వు అంటావు. పోశాడు. ఎక్కడ పోశాడు? గోదావరి ఇసుకలో, గాలికి వీపు పెట్టి. పొగ చెన్నూరు దాటి పోయేది. పిల్లలను ఒడ్డు ఎక్కనివ్వలేదు. గంగమ్మ నిజంగా అలుగుతుందో, ముసలోళ్లు ప్రశాంతంగా చుట్ట తాగడానికి కల్పించారో నాకు తెలియదు. నేనైతే చుట్ట కోసమే అనుకుంటాను. కానీ ఆ అబద్ధం నీడన నువ్వు ఆరడుగులు పెరిగావు. నువ్వు మాత్రం ఆ సీసాన్ని గదిలోకి తెచ్చి, కిటికీకి గోనె కట్టి, అన్నం వండే కుంపటి మీద పెట్టి, నీ బిడ్డను పక్కన కూర్చోబెట్టావు. పొగ కొండల్ ఇంటికి పోకుండా ఎంత జాగ్రత్త పడ్డావో చూడు. అంతా నీ ఇంట్లోనే ఉంచావు.

నువ్వు బిడ్డను పక్కన పెట్టుకున్నది ప్రేమతోనే. అది నాకు తెలుసు కాబట్టే చేతికి వచ్చిన తిట్లన్నీ కొట్టేసి రాస్తున్నాను. పైన సిరా మరకలు కనిపిస్తే అవే.

ఇక నా మాట విను. కుంపటి బయట పారేయి. మూకుడు, అచ్చులు, పలకలు ఇంట్లో ఉండొద్దు. నేల మీది మట్టి జానెడు తవ్వి తీయించి కొత్తమట్టి పోయించు. గోడలు కడిగి సున్నం వేయించు. మీ అందరి పాత గుడ్డలు కాల్చకు, పూడ్చు. ఇదంతా డాక్టరు చెప్పింది. అది అయ్యేదాకా బుచ్చిని పంపను. నువ్వు వచ్చి తలుపు కొట్టినా పంపను. పొడుగువాళ్లను ఎక్కడ కొరకాలో పొట్టివాళ్లకు తెలుసు.

అవ్వకు ఏం చెప్పాలా అని నీకు బుగులు పట్టి ఉంటుంది. ఆమెకు నిజం చెప్పే పని లేదు. పోలిక నాదేనని ఒప్పుకున్నానని చెప్పు. బుచ్చి పెద్దదయ్యాక పొట్టిగానే ఉండిపోతే, ఎవరడిగినా మేనమామ పోలిక అనండి. నేను ఎక్కడైనా నిలబడి అవునంటాను. నా ఒంటికి ఇంకొంచెం పొట్టి అంటుకుంటే తరిగేదేమీ లేదు.

హనుమండ్లు

*

పెద్దపల్లి,
1963, వైశాఖం.

బావా,

జవాబు లేదు. గుండ్లూ లేవు. గార్డు ఒట్టి చేతులతో దిగాడు. రెండోదానికి సంతోషం. మొదటిదానికి మా అక్క మీద ఒట్టు, ఒక్క ముక్కయినా రాయి. బుచ్చి అడుగుతున్నది.

హనుమండ్లు

*

బెల్లంపల్లి,
1963, జ్యేష్ఠం.

బామ్మర్దికి,

రాయడానికి కూర్చున్నప్పుడల్లా చేతులు చూసుకొని లేచిపోయాను. అందుకే ఆలస్యం.

నువ్వు చెప్పినవన్నీ అయ్యాయని మీ అక్క కార్డు రాయిస్తేనే నువ్వు బుచ్చిని తెచ్చావు, ఎట్లా అయ్యాయో నేను రాస్తున్నాను. నేల తవ్వుతుంటే పొయ్యి పక్కన, బుచ్చి కూర్చునే చోట, మట్టిలో సీసం పొడి మెరిసింది. పలుగు అక్కడే పెట్టేశాను. మీ అక్క వచ్చి పలుగు తీసుకొని మిగిలింది తానే తవ్వింది. తట్ట నింపి తానే బయట పోసింది. నన్ను తిడితే బాగుండేది.

బాపు అచ్చులను నేలలో పూడ్చాను. ఎక్కడో చెప్పను, నన్ను నేనే నమ్మను.

నువ్వు మోస్తానన్న నిందను నీ మీద పెట్టలేదు. అవ్వకు నేనే చెప్పాను, దీపాలు పెట్టకముందే, వాకిట్లో, కొండల్ వాళ్లు వింటుండగా. పోలిక ఎవరిదీ కాదు, నేను పోసిన సీసం అని. క్వార్టరు పోతే పోనీ అనుకున్నాను. అవ్వ మొదట నమ్మలేదు. "మీ బాపు పోస్తె నీకేమన్న అయిందా?" అన్నది. మూసిన తలుపు సంగతి, గోనెసంచి సంగతి చెప్పాను. అప్పుడు చీపురు తీసుకున్నది. నన్ను కొట్టి కొట్టి అలసిపోయి, కూర్చొని, మళ్లీ లేచి కొట్టింది. తర్వాత నీ ఫోటోకు దుమ్ము తుడిచింది. ఇది నీతో చెప్పొద్దన్నది.

కొండల్ ఆ రాత్రే తన ఇంట్లోని పాత బ్యాటరీని బయట పెట్టాడు. వాడు కూడా నన్ను చూసి మొదలుపెట్టాలనుకున్నాడట. నాకు తెలియదు.

నువ్వు నిన్న ఇక్కడి స్టేషన్‌లో బుచ్చిని నా చేతికి అందించబోతే నేను వెనక్కి జరిగాను. నువ్వు వింతగా చూశావు. మీ అక్క చేతికివ్వు అన్నాను. నువ్వేమీ అడగకుండా అట్లాగే ఇచ్చి, ఎదురొచ్చిన బండి ఎక్కావు. బొగ్గుబాయి డ్యూటీ దిగి నేరుగా వచ్చానని నువ్వు అనుకొని ఉంటావు. కాదు. స్నానం చేసే వచ్చాను.

ఇంటికొచ్చాక బుచ్చి కొత్త నేల మీద చెప్పుల్లేకుండా అటూ ఇటూ తిరిగింది. సున్నం గోడను గోకి చూసింది. బరువైంది. గొంతు పెరిగింది. ఎత్తు కొంచెమే పెరిగింది, కానీ మూటలో మీ ఇంటి నుంచి తిరిగొచ్చిన ఆ దసరా గౌనును మీ అక్క తొడగబోతే బొత్తాం పడలేదు. ఆమె ఆ బొత్తాం పట్టుకొని నవ్వింది, చాలా నెలల తర్వాత. బుచ్చి నా దగ్గరికొచ్చి రెండు చేతులు చాపి, "బాపు, ఎత్తుకో" అన్నది.

ఉండు బిడ్డా, చేతులు కడుక్కొనొస్త అన్నాను. పంపు కాడికి పోయాను. సబ్బుతో కడిగాను. గోళ్ల సందుల్లో నలుపు ఉన్నది. అది బొగ్గో, ఇంకొకటో తెలియలేదు. ఇటుకపొడి పెట్టి తోమాను, పుల్లతో గీకాను, మళ్లీ కడిగాను. నీళ్లకోసం బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు తిట్టడం మొదలుపెట్టారు. అయినా ఇంకోసారి కడిగాను.

నేను వచ్చేసరికి అది చాపమీద నిద్రపోయింది. చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

లేపలేదు. పక్కన కూర్చున్నాను.

సారయ్య